బ్లేడా, షేవరా? జుమా పూట ఒక తర్జనభర్జన

గురువారం మగ్రిబ్ నమాజు ముగిసిందంటే చాలు, గద్వాలలో గానీ వనపర్తిలో గానీ నాగర్‌కర్నూలులో గానీ సెలూన్లలో కుర్చీ ఖాళీగా కనిపించదు. మంగళవారం ఎలాగూ షాపులకు సెలవు. ఆదివారం ఉద్యోగస్తులది, బడిపిల్లలది. గురువారం రాత్రి, శుక్రవారం పొద్దుట మాత్రం మనవాళ్ళ వంతు. జుమాకు ముందు గుస్ల్ చేయాలి, ఉతికిన బట్టలు తొడుక్కోవాలి, కాస్త అత్తరు రాసుకోవాలి. వీటన్నిటికంటే ముందు మీసం, గడ్డం సంగతి చూసుకోవాలి. అందుకే ఆ రద్దీ.

'ఈ పేజీలో గడ్డం గీసుకోవటం గురించా?' అని కొందరు పెద్దలు కళ్ళెర్రజేయవచ్చు. గడ్డం పెంచటం గురించి ఉలమాలు చెప్పినదాన్ని మేము ఇక్కడ తిరగదోడటం లేదు. నిండుగా గడ్డం ఉన్నవారికి సైతం పదును పెట్టిన ఇనుముతో పని తప్పదు కదా! పెదవి మీదికి వచ్చే మీసం కత్తిరించుకోవాలి. మెడ కింద, మెడ వెనుక జుట్టు తీయించుకోవాలి. మీసం కత్తిరించటం, గోళ్ళు తీయటం, చంకల్లోని, నాభి కింది వెంట్రుకలు తొలగించటం వంటివాటిని నలభై రోజులకు మించి వదిలేయరాదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. పసిబిడ్డకు అఖీఖానాడు తల గీయించాలి. హజ్‌కు, ఉమ్రాకు వెళితే అక్కడ తల గీయించుకోవాలి. అంటే ఊయల నుంచి మక్కా దాకా ఈ పనిముట్టు మన వెంటే ఉంటుంది. అలాంటప్పుడు ఏది మంచిది, బ్లేడా, కరెంటు షేవరా అన్నది ఆలోచించదగ్గ ప్రశ్నే.

మాకీ ప్రశ్న మా మామూజాన్ వల్ల ఎదురైంది. వనపర్తిలో ఉంటారాయన. డెబ్బై దాటాయి. పదిహేనేళ్ళుగా చక్కెర జబ్బు. గుండెకు స్టెంటు వేసిన దగ్గర నుంచీ రక్తం పలచబరిచే మాత్రలు. పిడికెడు గడ్డం ఉంచుకుని, బుగ్గల పైభాగం, గొంతు మాత్రం ప్రతి శుక్రవారం పొద్దున తానే గీసుకుంటారు. ఇత్తడి పిడి ఉన్న పాతకాలపు సేఫ్టీ రేజరు, ఒక అల్యూమినియం గిన్నె, అరిగిపోయిన బ్రష్షు, పటిక ముక్క... ఇదీ ఆయన సరంజామా. చేయి వణుకుతోందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకు మాత్రం తెలియదు!

ఒక శుక్రవారం దవడ కింద గాటు పడింది. చిన్నదే. కానీ రక్తం ఆగదు. పటిక రుద్దారు, పసుపు అద్దారు, రుమాలు అదిమిపెట్టి కూర్చున్నారు. ఉజూ చేసుకుని లేచేసరికి మళ్ళీ చెమర్చి కిందికి జారింది. హనఫీ మజ్‌హబ్ ప్రకారం గాయం నుంచి రక్తం పారితే ఉజూ భంగమవుతుంది. అలా మూడుసార్లు ఉజూ చేసి, ఖుత్బా సగం అయ్యాక మసీదుకు చేరారు. నలభై ఏళ్ళలో ముందు వరుస తప్పటం అదే మొదటిసారట. నొప్పి కంటే ఆ బాధే ఆయనకు ఎక్కువ. (షాఫయీ మజ్‌హబ్‌లో రక్తం వల్ల ఉజూ పోదు. కానీ డెబ్బై ఏళ్ళ వయసులో గాటు కోసం ఎవరు మజ్‌హబ్ మారుస్తారు!)

మరుసటి వారం కొడుకు హైదరాబాదు నుంచి ఒక కరెంటు షేవరు తెచ్చాడు. మామూజాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇనుము తగలకుంటే సాఫెట్లయితది బేటా?" అన్నారు. డబ్బా నాలుగు నెలలు అల్మారాలోనే ఉంది.

సాన కత్తి నుంచి కరెంటు దాకా

ఆయన మాటను తేలిగ్గా తీసేయటానికి లేదు. మా తాతల కాలంలో, గద్వాల, వనపర్తి సంస్థానాలుగా ఉన్న రోజుల్లో, క్షురకులు పొది చంకన పెట్టుకుని ఇంటికే వచ్చేవారు. అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ళతో గడ్డం నానబెట్టి, సానరాయి మీద నూరిన కత్తిని తోలుపట్టె మీద నాలుగు దెబ్బలు కొట్టి గీసేవారు. కూలి రొక్కంలో కాదు, పంట ఇంటికి వచ్చాక గింజల్లో. ఆ చేతి నైపుణ్యం ముందు నేటి పనిముట్లు దిగదుడుపే. అయితే ఒక్క సంగతి మరవరాదు. ఊరందరికీ అదే కత్తి.

ఆ కత్తిని ప్రతివాడి ఇంటికీ, ప్రతివాడి చేతికీ తెచ్చిన ఘనత అమెరికాకు చెందిన కింగ్ క్యాంప్ జిల్లెట్‌ది. 1901లో కంపెనీ పెట్టారు. సానపెట్టే పని లేకుండా, మొద్దుబారితే పారేసే పలచని ఉక్కు రేకు ఆయన ఆలోచన. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు రేజర్లు సరఫరా కావటంతో ఆ అలవాటు ఇంటింటికీ పాకింది. సైన్యంలో పనిచేసిన మరో అమెరికన్, జేకబ్ షిక్, అసలు నీళ్ళూ నురగా లేకుండానే గీయలేమా అని మొదలుపెట్టి 1931లో కరెంటు షేవరును బజారులోకి తెచ్చాడు. 1939లో హాలండులో ఫిలిప్స్ కంపెనీ ఇంజనీరు అలెగ్జాండర్ హోరోవిట్జ్ గుండ్రంగా తిరిగే తల ఉన్న షేవరు తయారుచేశాడు. ఇప్పుడు మన షాపుల్లో కనిపించే మూడు చక్రాల షేవర్లు దాని సంతానమే.

రెండో రకం జల్లెడ షేవరు. సన్నని రంధ్రాలున్న రేకు చర్మానికి ఆనుతుంది. వెంట్రుక రంధ్రంలోకి దూరగానే లోపల అటూ ఇటూ ఆడే కత్తి దాన్ని తెంపుతుంది. చక్రాల రకమైనా, జల్లెడ రకమైనా కిటుకు ఒకటే: కత్తికీ చర్మానికీ మధ్య ఒక రేకు అడ్డం. అందువల్లే గాటు పడే అవకాశం తక్కువ. అందువల్లే బ్లేడంత నున్నగానూ రాదు. లాభమూ నష్టమూ రెండూ ఆ రేకులోనే ఉన్నాయి.

చెంబెడు నీళ్ళు

బ్లేడు గురించి చెప్పేటప్పుడు నీళ్ళ గురించి చెప్పకపోతే ఎలా? అందులోనూ పాలమూరు నీళ్ళ గురించి!

జిల్లెట్ కంపెనీకే ఈ పాఠం ఆలస్యంగా తెలిసింది. 2002లో మన దేశం కోసం ప్రత్యేకంగా ఒక రేజరు చేశారు. దాన్ని ఎక్కడ పరీక్షించారంటే, అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకునే భారతీయ విద్యార్థుల మీద. వాళ్ళు భేషుగ్గా ఉందన్నారు. తీరా ఇక్కడికి వచ్చాక బ్లేడు సందుల్లో వెంట్రుకలు ఇరుక్కుపోయి జనం విసుక్కున్నారు. కారణం? అక్కడి విద్యార్థులకు గదిలో కుళాయి ఉంది. ధారకింద పెడితే రేజరు కడుక్కుపోతుంది. ఇక్కడివాడు పెరట్లో నేల మీద కూర్చుని, గుప్పెడు నీళ్ళున్న గిన్నెలో రేజరు ముంచి గీసుకుంటాడు. అలా కూర్చున్నవాళ్ళను దగ్గరుండి చూసిన తరువాతే 2010లో 15 రూపాయల రేజరు, 5 రూపాయల బ్లేడుతో మరో రకాన్ని తెచ్చారు. మామూజాన్ అల్యూమినియం గిన్నె సంగతి ముందే అడిగి ఉంటే వాళ్ళకు ఎనిమిదేళ్ళు కలిసొచ్చేవి!

మన ఊళ్ళలో నీళ్ళ కొరతే కాదు, నీళ్ళ గుణం కూడా ఒక చిక్కే. చాలాచోట్ల బోరునీళ్ళు ఉప్పన. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే సబ్బు నురగ రాదు, తెల్లని తెట్టె కడుతుంది. నురగ లేకపోతే వెంట్రుక మెత్తబడదు. మెత్తబడని వెంట్రుక మీద బ్లేడు జారదు, లాగుతుంది. మంట, గాట్లు, మర్నాటికి ఎర్రని పొక్కులు. 'నా చర్మానికి బ్లేడు పడదు' అని చెప్పేవారిలో ఎంతోమందికి నిజానికి పడనిది నీళ్ళే. గడ్డానికి కావలసింది చెంబెడు నీళ్ళు. తాగటానికి తెచ్చుకున్న క్యాను నుంచి ఒక గ్లాసు వేడిచేసుకుంటే చాలు, తేడా అదే రోజు తెలుస్తుంది. ఐదారు సార్లు గీశాక బ్లేడు మార్చాలి. వెంట్రుక మొలిచే దిక్కుకే గీయాలి. ఎదురు గీత గీస్తే నున్నగా వస్తుంది నిజమే, కానీ ఉంగరాల జుట్టువారికి తెగిన వెంట్రుక కొస చర్మం లోపలికే తిరిగి మొలిచి మెడంతా గుల్లలు కడుతుంది. వాళ్ళకు షేవరో, కాస్త జుట్టు మిగిల్చే ట్రిమ్మరో మేలు.

షేవరుకు నీళ్ళ గొడవ లేదు. దాని శత్రువు చెమట. ఎండాకాలం పాలమూరులో స్నానం చేసి వచ్చి పంకా కింద కూర్చున్నా గొంతు తడిగానే ఉంటుంది. తడి చర్మం మీద పొడి షేవరు పట్టి పట్టి నడుస్తుంది. కాబట్టి బ్లేడువారు స్నానం తరువాత, షేవరువారు స్నానానికి ముందు గీసుకోవటం మంచిది. అవసరమైతే కొంచెం పౌడరు అద్దుకోవచ్చు. (తడిలోనూ వాడే షేవర్లు ఉన్నాయి. ధర కూడా అలాగే ఉంటుంది.)

సగం బ్లేడు కథ

ఈమధ్య మూడు శుక్రవారాలు మూడు ఊళ్ళలో సెలూన్ల ముందు కూర్చున్నాము. మేము చూసినంతలో గద్వాలలోనూ, వనపర్తిలోనూ, నాగర్‌కర్నూలులోనూ పని తీరు ఒకేలా ఉంది. తలకు, గడ్డానికి ట్రిమ్మరు. చివర్న గీత తీర్చటానికి ఉస్తరా. ఆ ఉస్తరా ఇప్పుడు సానపట్టే కత్తి కాదు. పిడిలో సగం బ్లేడు బిగించే సాధనం. కాగితంలో చుట్టిన రెండంచుల బ్లేడును నిలువునా విరిచి, ఒక సగం ఒకరికి, రెండో సగం ఇంకొకరికి వాడతారు. 1990లలో ఎయిడ్స్ భయం ఊరూరా పాకిన తరువాత స్థిరపడిన పద్ధతి ఇది. నిజంగా మంచి పద్ధతి, పాటిస్తే.

ఒక షాపులో (ఏ ఊరో చెప్పము, ఆయన పొట్ట కొట్టటం మా ఉద్దేశం కాదు) పదకొండున్నరకు పది మంది వరుసలో ఉన్నారు. కుర్చీలోంచి ఒకాయన లేచాడు, ఇంకొకాయన కూర్చున్నాడు. ఉస్తరా డెట్టాలు నీళ్ళలో ఒకసారి ముంచి తీశారు. బ్లేడు మాత్రం మార్చలేదు. మేము మెల్లగా అడిగాము, "అన్నా, బ్లేడు మార్చలేదే?" అని. ఆయన నొచ్చుకోలేదు. నొచ్చుకున్నది మా వెనుక కూర్చున్న పెద్దమనిషి. "జుమాకు టైమైతాంది, నీ పంచాయతీ ఏంది భాయ్?" అని గదమాయించాడు. షాపాయన సొరుగు లాగి కొత్త బ్లేడు తీసి మా కళ్ళముందే విరిచాడు. "అడిగితే మారుస్త సార్. ఎవ్వరడుగుతరు?" అన్నాడు. మూడు ఊళ్ళూ తిరిగినందుకు మాకు దక్కిన అసలు సమాచారం ఈ ఒక్క మాటే.

అడగకపోతే ఏమవుతుంది? హెచ్‌ఐవీ అనగానే ఉలిక్కిపడతాము. కానీ ఈ విషయంలో అంతకంటే మొండిది హెపటైటిస్-బి. కాలేయాన్ని పట్టే వైరస్ ఇది. ఎండిన రక్తపు మరకలో సైతం కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. ఈ గురువారం అంటిన చుక్క వచ్చే గురువారం దాకా అన్నమాట! కంటికి కనిపించేంత గాటు కూడా అక్కరలేదు. బ్లేడు నడిచిన చోటల్లా చర్మం మీద సూక్ష్మమైన గీతలు పడతాయి. వైరస్ సోకిన అందరిలో కామెర్లు కనిపించవు. కొందరిలో ఏళ్ళ తరబడి నిశ్శబ్దంగా ఉండి కాలేయం గట్టిపడటానికో, క్యాన్సరుకో దారితీస్తుంది. మనవాళ్ళు కళ్ళు పచ్చబడేదాకా ఊరుకుని, ఆ తరువాత పసరు మందుకు పరుగెడతారు. హెపటైటిస్-బికి టీకా ఉంది, పెద్దలు కూడా వేయించుకోవచ్చు. 2018 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ జబ్బులకు ఉచిత పరీక్షలు, మందుల ఏర్పాటు జరిగింది. డెట్టాలు నీళ్ళలో ఒక్క మునక టీకాతో సమానం కాదు, కొత్త బ్లేడుతోనూ సమానం కాదు.

ఇంతమాత్రాన 'అయితే మిషనే మేలు' అని తీర్మానించకండి. ట్రిమ్మరు పళ్ళు చర్మానికి బాగా ఆనిస్తే అవీ గీరతాయి. రక్తం చెమరుస్తుంది. పైగా బ్లేడును రెండు మూడు రూపాయలకు మార్చవచ్చు. ట్రిమ్మరు తలను మనిషికొకటి మార్చలేరు. పళ్ళ సందుల్లో ఇరుక్కున్న వెంట్రుకలు, చర్మపు పొట్టుతో తామర ఒకరి మెడ నుంచి ఇంకొకరి మెడకు పాకుతుంది. (తామర రాగానే మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన పూత మందు రాసుకునేవారికి అది మరింత మొండికేస్తుంది.) తెలంగాణ ప్రభుత్వం సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు పథకాన్ని 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రకటించింది. కరెంటు బిల్లు మిగిలినందుకు ఒక సీసా స్పిరిటు, ఒక బ్రష్షు, ఒక అదనపు ట్రిమ్మరు తల పెట్టుకోవటం పెద్ద భారం కాదు. ఒక తల స్పిరిటులో ఆరుతుండగా ఇంకొకటి పనిచేస్తుంది.

కాబట్టి బ్లేడా, మిషనా అని అడిగేముందు, ఇది నాకంటే ముందు ఎవరి చర్మానికి తగిలింది అని అడగాలి. ఒక్కసారి వాడే కొత్త బ్లేడు, నలుగురు పంచుకునే ఖరీదైన షేవరు కంటే వెయ్యిరెట్లు శుభ్రం. ఇంట్లో అన్నదమ్ములు ఒకే రేజరు, తండ్రీ కొడుకులు ఒకే షేవరు వాడటం మన దగ్గర మామూలు. సొంతవాళ్ళే కదా అనుకుంటాము. వైరస్‌కు చుట్టరికాలు తెలియవు.

ఏడో రోజు జుట్టు

షేవరు కొన్నవారిలో సగంమంది నెల తిరిగేసరికి దాన్ని మూల పడేయటం మేము చూస్తూనే ఉన్నాము. 'చైనా సరుకు, వెంట్రుకలు పీకుతోంది' అంటారు. సరుకు తప్పు కాదు, వారం తప్పు. షేవరు జల్లెడ రంధ్రాలు ఒకటి రెండు రోజుల జుట్టుకే సరిపోతాయి. జుమా నుంచి జుమా దాకా పెరిగిన వెంట్రుక పొడుగై, ఒంగి, చర్మానికి అంటుకుని పడుకుంటుంది. రంధ్రంలోకి దూరదు. దూరిన కాస్తా తెగేలోపు లాగుతుంది. వారానికి ఒక్కసారి గీసుకునేవారికి కరెంటు షేవరు దండగ. ముందు ట్రిమ్మరుతో పొట్టిచేసి తరువాత షేవరు పెట్టాలి. లేదా హాయిగా బ్లేడుకే కట్టుబడాలి. రోజు విడిచి రోజు గీసుకునే గుమాస్తాకు, టీచరుకు మాత్రం షేవరు బాగా పనికొస్తుంది. అదీ మొదటి రెండు మూడు వారాలు చర్మం అలవాటు పడేదాకా ఓపిక పట్టాలి.

డబ్బు లెక్క కూడా ఒకసారి వేద్దాం. వారానికి మూడుసార్లు గీసుకుంటే ఏడాదికి నూట యాభై చిల్లర. ఐదుసార్లకు ఒక బ్లేడు చొప్పున ముప్పై ఒకటి, ముప్పై రెండు బ్లేడ్లు. బ్లేడు మూడు రూపాయలనుకుంటే వంద లోపే. సబ్బు, క్రీము కలిపినా కొన్ని వందలు. షేవరు రెండు వేలనుకుందాం. పైగా ఏడాదిన్నరకో రెండేళ్ళకో దాని తల మార్చమని కంపెనీలే చెబుతాయి. అది దొరకక, దొరికినా సగం ధర పలికి, చివరకు కొత్తదే కొంటారు. సెలూనులో వారానికోసారి యాభై రూపాయలనుకుంటే ఏడాదికి రెండు వేల ఆరు వందలు. డబ్బు ఒక్కటే చూస్తే బ్లేడును కొట్టేది లేదు. కానీ మామూజాన్ వంటివారికి ఈ లెక్క పనికిరాదు. ఆయనకు ఒక గాటు ఖరీదు వేరు.

ఇక పసిపిల్లల సంగతి. ఏడో రోజు అఖీఖా, తల వెంట్రుకల ఎత్తు వెండి దానం మనకు తెలిసినవే. ఏడు రోజుల బిడ్డ మాడు ఇంకా మూసుకోదు, చర్మం ఉల్లిపొర. తల ఒక్కచోట నిలవదు. చేయి తిరిగిన మనిషి, కొత్త బ్లేడు, గోరువెచ్చని నీళ్ళు, పగటి వెలుతురు... ఈ నాలుగిటిలో ఏది లేకపోయినా ఆ పూటకు ఆగటం మంచిది. నలుగురి తలలు తిరిగొచ్చిన ట్రిమ్మరు మాత్రం బిడ్డకు వద్దే వద్దు.

హజ్, ఉమ్రా ప్రయాణికులకు ఇంకో మెలిక ఉంది. బ్లేడుతో నున్నగా గీయిస్తే హల్ఖ్. కత్తిరిస్తే తఖ్సీర్. మిషను ఎంత చిన్న నంబరు మీద పెట్టినా జుట్టు మొదలు మిగులుతుంది కనుక అది తఖ్సీర్ కిందికే వస్తుందని పలువురు ఉలమాల అభిప్రాయం. రెండూ చెల్లుతాయి. కానీ తల గీయించుకున్నవారి కోసం దైవప్రవక్త (స) ఎక్కువసార్లు దుఆ చేశారన్న హదీసు తెలిసినవారు బ్లేడు వైపే మొగ్గుతారు. అక్కడ లైసెన్సు ఉన్న సెలూన్లు ఉన్నాయి, వాటికే వెళ్ళాలి. దారి పక్కన బకెట్టు పెట్టుకుని కూర్చున్నవాడి దగ్గరకు కాదు. హోటలు గదిలో ఒకే రేజరుతో నలుగురు స్నేహితులు ఒకరి తల ఒకరు గీసుకోవటం గురించి వింటుంటాము. సరదాగా చెబుతారు, వినటానికి మాకు ఒళ్ళు జలదరిస్తుంది. తలా ఒక డిస్పోజబుల్ రేజరు సూట్‌కేసులో పెట్టుకుని వెళితే సరిపోయె! విడి బ్లేడ్లు చేతి సంచిలో పెట్టుకుంటే మాత్రం శంషాబాదులో తనిఖీవాళ్ళు తీసేసుకుంటారు. షేవరుకు ఆ ఆటంకం లేదు.

మళ్ళీ మామూజాన్ దగ్గరకు వద్దాం. అల్మారాలోని డబ్బా బయటికి రావటానికి కొడుకు మాట పనిచేయలేదు, మా మాటా పనిచేయలేదు. ఆసుపత్రి పనిచేసింది. హెర్నియా ఆపరేషనుకు చేర్చారు. ముందురోజు పొత్తికడుపు మీద జుట్టు తీయటానికి నర్సు చిన్న మిషను పట్టుకొచ్చింది. "బ్లేడు లేదా అమ్మా?" అని అడిగారట. బ్లేడు వాడితే కంటికి కనిపించని గీతలు పడి అక్కడ క్రిములు చేరతాయి, అందుకే వాడము అని ఆ అమ్మాయి చెప్పింది. నిజమే. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మాట గట్టిగానే ఉంది: ఆపరేషనుకు ముందు జుట్టు తీయకపోవటం మేలు, తప్పనిసరైతే మిషనుతో కత్తిరించాలి తప్ప బ్లేడుతో గీయరాదు. రక్తం పలచబడే మందులు వాడేవారిని డాక్టర్లు కరెంటు షేవరు వాడమనటం వెనుక కూడా ఇలాంటి ఆలోచనే ఉంది.

ఇంటికి వచ్చాక ఆయన తనంత తానే డబ్బా విప్పారు. మొదటి రోజు ఏడు రోజుల జుట్టు మీద పెట్టి 'పీకుతాంది' అని విసిరికొట్టబోయారు. ఇప్పుడు సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి గీసుకుంటున్నారు. బ్లేడంత నున్నగా రావటం లేదని రోజూ ఒకసారి సణుగుతారు. మీసానికి మాత్రం కత్తెరే. ఆ షేవరు జుయ్యిమంటుంటే మనవడు భయపడి వంటింట్లోకి పరుగెత్తుతాడు.

పాత రేజరును కడిగి గుడ్డలో చుట్టి పెట్టారు. మిగిలిన బ్లేడు పాకెట్టును పారేయలేదు. నెలకోసారి తల కత్తిరించుకోవటానికి సెలూనుకు వెళ్ళేటప్పుడు అందులోంచి ఒకటి లాల్చీ జేబులో వేసుకెళ్ళి, "నా ముంగటనే విరువు" అని షాపాయన చేతికిస్తారు. మొదట్లో ఆయన చిన్నబుచ్చుకున్నాడట. ఇప్పుడు ఆ కుర్చీ కోసం కాచుకున్నవాళ్ళలో మరో ఇద్దరు కూడా బ్లేడు తెచ్చుకుంటున్నారు.